గీతల మామ, నూలుతాడు

గీతల మామ తాగి గీతలు గీశాడనీ, అందుకే మన ఫుట్‌బాల్ క్లబ్ పై డివిజన్‌కి ఎక్కలేకపోయిందనీ ఊరంతా అంటోంది. ఆయన టీ కూడా తాగడు. జరిగింది వేరు.

మైదానంలో గడ్డి కోసి, సున్నంతో గీతలు గీసేది ఈయనే, ఇరవై రెండేళ్లుగా. నిరుడు జట్టు కింది డివిజన్‌కి జారినప్పుడూ జనం గడ్డినే తిట్టారు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఆ వారమే కొలత టేపు తెగింది. కొత్తది కావాలని క్లబ్ కార్యదర్శిని అడిగాడు.

“ముందు పైకెక్కనీ మామా, టేపేం ఖర్మ, మెషినే కొందాం.”

నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ అదే పాట. చివరికి మామ ఇంట్లో బట్టలారేసే నూలుతాడు విప్పుకొచ్చి, ముడులేసి, దాంతోనే పెనాల్టీ చుక్క కొలవడం మొదలెట్టాడు. వానాకాలమంతా తాడు తడిసింది, ఆరింది, మళ్లీ తడిసింది. తడిస్తే నూలు ముడుచుకుంటుందని అత్తకి తెలుసు. ఆవిణ్ణి అడిగిందెవరు? చుక్క మూరెడు ముందుకొచ్చేసింది. ఒక్క రిఫరీ కొలిచి చూస్తే ఒట్టు.

మన జట్టులో పెనాల్టీలు కొట్టే బారుకాళ్లోడు రోజూ ఆ చుక్క మీంచే యాభై బంతులు కొట్టేవాడు. సొంత మైదానంలో పెనాల్టీ వచ్చిందంటే గోలు పడ్డట్టే. బయట మాత్రం ఏడాదంతా ఒక్కటీ రాలేదు.

వచ్చింది ఆఖరి మ్యాచ్‌లో, పరాయి మైదానంలో, ఆఖరి నిమిషంలో. గోలు పడితే పైకి. వాడు అలవాటైన దెబ్బే కొట్టాడు. బంతి గోలు పైకమ్మీకి తగిలి ఆకాశానికి లేచింది. జనం వాడి ఏడు తరాలనీ తిట్టారు.

మామకి అనుమానమొచ్చింది. తెల్లారి వడ్రంగి దగ్గర టేపు అడిగి తెచ్చి చుక్క కొలిచాడు. తిన్నగా తాడు పట్టుకుని క్లబ్ ఆఫీసుకెళ్లాడు.

“తప్పు వాడి కాలిది కాదు, నా తాడుది.”

కార్యదర్శి మైదానం తాళంచెవి లాక్కుని ఇంటికి పొమ్మన్నాడు. టేపు మాట ఎవరూ ఎత్తలేదు.

“నిన్నెవరైనా అడిగారా?” అంది అత్త. “నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది? నా తాడూ పోయె, నీ పనీ పోయె.”

“వాణ్ణి తిడుతుంటే వింటూ కూర్చోమంటావా?”

“ఇప్పుడు నిన్ను తిడుతుంటే నేను వింటున్నాగా.”

మామ ఇప్పుడు రోజూ మైదానం గేటు బయట నిలబడి, మోకాలెత్తు పెరిగిన గడ్డిని చూసి పళ్లు నూరుతున్నాడు. అటు వెళ్తే కాస్త పలకరించండి. బారుకాళ్లోడు ఇంతవరకు ఆ ఛాయలకే పోలేదు. ఇది నీ కంటపడితే ముందు నువ్వెళ్లు నాయనా.