ఎలుగుబంట్ల చేనుకు కావలి సామాను

మా బావగారు, అంటే మా ఆయన అన్న, దేవరకొండ అవతల గుట్టల కింద రెండెకరాల్లో పల్లి వేశారు. కాయ ఊరే సమయానికి బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. పంట పీకే దాకా పదిహేను రోజులు మంచె మీద కావలి ఉండడానికి మా ఆయన వెళ్లక తప్పలేదు. ఆ చేనులోకి అడవిపందులే కాదు, ఎలుగుబంట్లు కూడా దిగుతాయి. ఎల్‌బీ నగర్‌లో ట్రాలీ ఆటో నడిపే మా ఆయనకు అడవి సంగతి తెలియదు. అందుకని వారం రోజులు ఫోనులో విదేశీ వేటగాళ్ల వీడియోలు చూశారు. ఎలుగుబంట్లున్న చోటికి ఏ తుపాకి కావాలో, ఏ డేరా, ఏ బూట్లు కొనాలో వాళ్లు చెప్పిందంతా కాగితం మీద రాసుకున్నారు. అన్నిటికంటే పైన తుపాకి ఉంది. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. చేతిలో తుపాకి ఉంటే ఈయన ఎలుగుకు ఎదురు వెళ్తారని నా భయం. ఆ మాట చెప్పలేక, సామాను కొనడానికి నేనూ వస్తానన్నాను.

పొద్దున పది గంటలకు మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగాం. తుపాకుల దుకాణాలు పదకొండు దాకా తెరవరు, మీరు తొందరపడి వెళ్లకండి. లోపల గాజు బీరువాల్లో తుపాకులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఒకదాని కర్ర భాగం ఎన్నో ఏళ్లు వాడిన రోకలిలా నున్నగా మెరుస్తోంది. ఇంత శ్రద్ధగా చేస్తారని అనుకోలేదు. భయం మరిచిపోయి చూస్తూ నిలబడ్డాను. తెల్లగడ్డం ఉన్న యజమాని మొదట లైసెన్సు అడిగారు. లేదని చెబితే, బీరువా తీసి తుపాకి చూపించను కూడా చూపించనన్నారు. పోనీ గాలి తుపాకి ఇవ్వమన్నారు మా ఆయన. ఆ పెద్దాయన ఒకటి బయటికి తీసి, ఎందుకని అడిగి, ఎలుగుబంటి మాట వినగానే దాన్ని మళ్లీ బీరువాలో పెట్టేశారు.

"బేటా, గీ గోలీ డబ్బాను కొడ్తది. గుడ్డెలుగుకు తగిల్తే దోమ కుట్టినట్టే. అది గప్పుడు నీ మీదికొస్తది," అన్నారు. మా ఆయన వీడియోల సంగతి ఎత్తారు. "గా ముల్కు వేరు, గా దేశం కానూన్ వేరు. ఈడ దాన్ని కొడ్తే జైలుకు పోతవ్. నీకు మాత్రం నేనియ్య. జర మంచి టార్చి కొనుక్కో పో."

మా ఆయన ముఖం చిన్నబోయింది. నేను మాత్రం మెట్లు దిగుతూ ఆ పెద్దాయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

తిరుగు మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాం. బస్టాండు దగ్గరి సందుల్లో బ్యాగులు, రెయిన్‌కోట్లు, డేరాలు అమ్మే దుకాణాలున్నాయి. మేం వెళ్లినది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒకావిడది. మా ఆయన పద్దెనిమిది వందల డేరా పరిపించి, ఎలుగు వస్తే ఆగుతుందా అని అడిగారు. "గుడ్డ కదండీ బాబూ. దానికి జిప్పు తీయడం రాకపోతే చింపుకుని వస్తుంది," అందావిడ. మంచె మీద పడుకునేవాళ్లకు డేరా దండగని చెప్పి, పైన కప్పడానికి టార్పాలిన్, నలువైపులా దిగే దోమతెర, తలకు కట్టుకునే లైటు, చేతి టార్చి ఇచ్చింది. అన్నీ కలిపి పదిహేను వందల లోపే అయ్యాయి. తిండి పడుకునే చోట పెట్టుకోకుండా దూరంగా కట్టాలని వీడియోల్లో చెప్పారట, దానికోసం నైలాను తాడు కూడా తీసుకున్నాం. ఆ కాగితంలో మాకు పనికొచ్చింది ఆ ఒక్కటే.

బావగారిని ఒకసారి చూసి రావాలని నేనూ బయల్దేరాను. రెండు గంటలకు సాగర్ రింగ్ రోడ్డు దగ్గర దేవరకొండ బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఆధార్ కార్డు ఉంటే చాలు. ఆయనకు నూట యాభై దాకా అయింది. ఇబ్రహీంపట్నం దాటాక ఎండకు కళ్లు మూసుకుపోయాయి. కొండమల్లేపల్లి దాటాక కళ్లు తెరిస్తే దూరంగా గుట్టలు కనిపించాయి. దేవరకొండలో దిగి, షేర్ ఆటోలో ముప్పావుగంట వెళ్లేసరికి అయిదున్నర దాటింది.

బావగారి రేకుల ఇల్లు వేరేవాళ్ల చేనును ఆనుకుని ఉంటుంది, పల్లి చేను, మంచె గట్టు వెంట పావుగంట నడక. ఆయన కట్టు కాలితో వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నారు. పట్నంలో తుపాకి దొరకలేదని విని నవ్వి, దూలం మీద నుంచి గోనెసంచి దింపమన్నారు. అందులో చనిపోయిన మా మామగారి తుపాకి ఉంది. లైసెన్సు ఆయన పేరు మీదే ఉండేది. ఆయన పోయాక ఠాణాలో అప్పగించాల్సిన దాన్ని బావగారు దాచిపెట్టారు. "మందు దట్టించే ఉంది, పైలంగ పట్టుకో," అన్నారు. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. పొద్దున పోయిందనుకున్న భయం మళ్లీ వచ్చి పట్టుకుంది.

అప్పుడే ఇంటి ముందరి చేను అవతలి గట్టు మీద నల్లగా ఏదో కదిలింది. ఎవరో కట్టెల మోపు ఎత్తుకొస్తున్నారనుకున్నాను. ఆ మోపుకు రెండు తలలున్నాయి. చూస్తుంటే అర్థమైంది, అది తల్లి ఎలుగు. వీపు మీద రెండు పిల్లలు బొచ్చు పట్టుకుని కూర్చున్నాయి. అది ఆగి, వెనక కాళ్ల మీద లేచి, ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. మెడ కింద తెల్లటి గీత నెలవంకలా కనిపించింది. లేచిన ఊపుకు ఒక పిల్ల జారి కింద పడింది. ఆ తల్లి మళ్లీ వంగి, అది కాళ్లు పట్టుకుని పైకి పాకేదాకా కదలకుండా నిలబడింది. పక్కన మా ఆయన తుపాకి భుజానికి ఆనించారు.

బావగారి ముందు నేను ఎన్నడూ నోరు తెరిచింది లేదు. మా ఇళ్లల్లో అది పద్ధతి. కానీ ఆ మాట నా నోట్లోంచి వచ్చేసింది. "దించుండ్రి. దాని ఈపు మీద పిల్లలున్నయ్."

ఆయన దించారు. ఎలుగు మా వైపు ఒకసారి తల తిప్పి, తొందర లేకుండా పొదల్లోకి వెళ్లిపోయింది.

బావగారు నా వైపు తిరిగారు. "ఆరేండ్లాయె నువ్వు మా ఇంటికొచ్చి. నీ గొంతు గిట్లుంటదని ఇయ్యాల్నే తెల్సింది బిడ్డా," అన్నారు. మా ఆయన తుపాకిని గోనెసంచిలో చుట్టేశారు. "అన్నా, పొద్దుగాల దీన్ని ఠాణాల ఇచ్చేద్దాం. నాకొద్దు."

"ఇచ్చుడైతె ఇద్దాం," అన్నారు బావగారు. "మరి మంచె కాడికి ఒక్కనివి ఎట్ల పోతవ్? నేను, పక్క చేనాయన ముచ్చట పెట్టుకుంట పోయేటోల్లం. మాటలు ఇంటే అదే పక్కకు జరుగుతది. ఆయన పంట పీకేసిండు, ఇగ రాడు. సప్పుడు లేకుంట పోతే దానికి ఎదురుపడతవ్."

మరునాడు అన్నదమ్ములిద్దరూ ఆటోలో వెళ్లి తుపాకి అప్పగించి, ఆలస్యానికి తిట్లు తిని వచ్చారు. నేను మధ్యాహ్నం బస్సుకు ఎల్‌బీ నగర్ వచ్చేశాను. ఆ సాయంత్రం నుంచి, ఇంటి నుంచి మంచె దాకా గట్టు మీద ఉన్న పావుగంట నడకకు ఆయన నాకు ఫోను చేస్తున్నారు. స్పీకరులో పెట్టి గట్టిగా మాట్లాడమంటారు. నీళ్ల ట్యాంకరు రాలేదని, టమాటాలు ధర పెరిగి పిరమయ్యాయని, పై అంతస్తువాళ్లు గొడవపడ్డారని చెబుతాను. నిన్న సగం దారిలో ఆయన గొంతు తగ్గింది. "ముంగటుంది. ఆపకు, మాట్లాడుతనే ఉండు," అన్నారు. ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. పప్పు ఎలా వండానో చెప్పినట్టున్నాను, పోపుతో సహా. చాలాసేపటికి, "పోయింది. పిల్లలు రెండూ ఉన్నయ్," అన్నారు.

పెళ్లయిన ఆరేళ్లలో మేమిద్దరం రోజుకు పావుగంట మాట్లాడుకున్నది ఎప్పుడూ లేదు. అంత పెద్ద జంతువు నా పప్పు ముచ్చట విని దారి ఇచ్చిందంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. దానికి మనతో కయ్యం అక్కర్లేదు, మనం వస్తున్నట్టు తెలిస్తే చాలు. మీలో ఎవరైనా అలాంటి చేనుకు కావలి వెళ్తుంటే, ముందు పగటిపూట ఆ గట్టు మొత్తం ఫోను పట్టుకుని నడిచి, సిగ్నలు ఎక్కడ తెగుతుందో చూసుకోండి. తెగిన చోటు నుంచి మంచె దాకా మీరే గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లాలి.