తూకం పెద్దనాన్న పుస్తకాల గ్రూపు

పాపాయి వాళ్ల పెద్దనాన్నకు ఒకటే జబ్బు. కంటికి కనిపించిన దేన్నీ తూచకుండా ఉండలేడు.

టపా ఆఫీసులో పార్శిళ్ల కౌంటరు దగ్గర చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరైన మనిషి. కొత్త ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చి పాత త్రాసును మూలకు నెట్టేస్తుంటే ఆయన ప్రాణం ఒప్పలేదు. బతిమాలి ఇంటికి తెచ్చుకున్నాడు. ఇక ఆ ఇంట్లో తూకానికి ఎక్కని వస్తువు లేదు. సబ్బు కొన్నరోజు ఒకసారి, సగం అరిగాక ఇంకోసారి. ఆదివారం పేపరు. చుట్టాలు తెచ్చిన పళ్లు, అదీ వాళ్ల ఎదుటే. పక్కింటి పిల్లిని పళ్లెంలో కూర్చోబెట్టబోతే అది మొహమంతా గీరిపెట్టింది. రక్తం తుడుచుకుంటూ, "మూడున్నర కిలోలు, కోపంతో కలిపి" అన్నాడు.

పాపాయి అంటే పసిపిల్ల అనుకునేరు. నలభై దాటింది. బజారులో జిరాక్సు, బైండింగు షాపు నడుపుతుంది. ఇంట్లో అందరికంటే ఆఖర్న పుట్టింది కాబట్టి ఆ పేరు అలా ఉండిపోయింది.

పెద్దమ్మ పోయినప్పుడు ఏం జరిగిందో పాపాయి ఎన్నేళ్లయినా మర్చిపోలేదు. దహనం అయ్యాక బూడిద ఒక డబ్బాలో పెట్టి ఇచ్చారు. పెద్దనాన్న దాన్ని గుండెలకు హత్తుకుని ఇంటికి తెచ్చి, తిన్నగా వెళ్లి త్రాసులో పెట్టాడు.

"అన్నయ్యా, ఇదేం పని?" అన్నాడు పాపాయి తండ్రి, నలుగురూ చూస్తున్నారని సిగ్గుపడిపోతూ.

"మూడు కిలోలకు కాస్త తక్కువ" అన్నాడు పెద్దనాన్న. "పుట్టినప్పుడూ ఇంతే ఉందని వాళ్లమ్మ చెప్పేదిరా. తెచ్చింది తెచ్చినట్టే పట్టుకుపోయింది. మధ్యలో నేను పెట్టిన తిండంతా ఏమైందో."

ఏడుస్తున్నవాళ్లకు నవ్వొచ్చింది, నవ్వు ఆపుకుంటున్నవాళ్లకు ఏడుపొచ్చింది. ఆయనకు మాత్రం ఏదీ రాలేదు. వెళ్లి మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పడుకోవడం పడుకోవడం లేవలేదు. పాపాయి అన్నం తెస్తే నాలుగు మెతుకులు కెలికి మళ్లీ గోడవైపు తిరిగేవాడు. త్రాసు పళ్లేల్లో దుమ్ము పేరుకుంది. మనిషి దక్కడేమో అనిపించి పాపాయి షాపులో కాగితాలు కత్తిరిస్తూ కళ్లు తుడుచుకునేది.

చివరికి ఆయన్ని లేపింది పాత పేపర్లు కొనేవాడు. పెద్దమ్మ చదువుకున్న పుస్తకాలు గదినిండా పడివుంటే, అమ్మేద్దామని పాపాయే వాణ్ణి పిలిచింది. వాడు తన స్ప్రింగు కాటా తీశాడో లేదో, మంచమ్మీదినుంచి గొంతు వినబడింది.

"ఆ కాటా దొంగ కాటా. ఉండు, నేను తూస్తాను."

లేచాడు. దుమ్ము తుడిచాడు. ఒక్కో పుస్తకమే పళ్లెంలో పెట్టి చూడసాగాడు. ఒకదాన్ని దించుతూ దించుతూ ఊరికే తెరిచి, నిలబడే రెండు పేజీలు చదివి, కూర్చుని మరో నాలుగు చదివాడు. పేపర్లవాడు కాసేపు చూసి, గోనెసంచి దులుపుకుని వెళ్లిపోయాడు.

దొరికిన అవకాశాన్ని వదలకూడదని పాపాయి ఆ వారమే ఆన్‌లైన్లో పుస్తకాల గ్రూపు మొదలెట్టింది. ఆదివారం సాయంత్రం ఫోన్లో అందరూ కలవడం, చదివిన పుస్తకం గురించి మాట్లాడుకోవడం. పుస్తకం ఎంపిక పెద్దనాన్నది. షాపులో పని చేయించుకునేవాళ్లలో ముగ్గురు చేరారు. ఒకాయన అంబులెన్సు డ్రైవరు. ఇంకొకాయన పళ్ల డాక్టరు, ఏ పుస్తకమూ సగం దాటి చదవడు గానీ అభిప్రాయం మాత్రం పూర్తిగా చెబుతాడు. మూడో ఆవిడ రిటైరైన లెక్కల టీచరమ్మ. పుస్తకాలకు అట్టలు వేయించుకోవడానికి ఎవరో ఒకరిని పంపేదే తప్ప తను షాపు మెట్లెక్కగా పాపాయి ఎన్నడూ చూడలేదు. గ్రూపులోనూ అంతే, కెమెరా ఆపేసి గొంతు ఒక్కటే వినిపించేది. ఆ ఒక్కటీ చాలు. ముప్పైమంది పిల్లల చేత గోడకుర్చీ వేయించిన గొంతు అది.

మొదటి ఆదివారమే పెద్దనాన్న తన పార్శిళ్ల ఉద్యోగం సంగతి చెప్పి, వెంటనే రూలు చెప్పాడు. "అరకిలో దాటిన పుస్తకం మన గ్రూపులో చదవం."

"పుస్తకంలో ఏముందో చూడరా?" అన్నాడు పళ్ల డాక్టరు.

"అది చదివితే తెలుస్తుంది. బరువు చదవకముందే తెలుస్తుంది."

"పార్శిలుగారూ, పుస్తకాన్ని వంకాయల్లా తూచే మనిషిని ఇప్పుడే వింటున్నాను" అంది టీచరమ్మ. ఆయనకు ఆ పేరు ఆ క్షణాన స్థిరపడింది.

"వంకాయలైతే పుచ్చులు కూడా చూస్తానండి టీచరుగారూ" అన్నాడాయన.

ఆరోజునుంచి ఇద్దరికీ పాముకీ ముంగిసకీ ఉన్నంత స్నేహం. ఆయన ఎంచిన ప్రతి పుస్తకాన్నీ ఆవిడ తూర్పారబట్టేది. రెండో ఆదివారమో మూడోదో, మాటల మధ్యలో ఆవిడ వైపునుంచి ధబ్‌మని చప్పుడైంది. అందరూ ఉలిక్కిపడ్డారు.

"ఏమిటండీ అది?" అన్నాడు డ్రైవరు.

"పుస్తకం. ఇలాంటి రచనను ఎత్తి పారెయ్యక ఏం చేస్తారు?" అంది టీచరమ్మ.

మర్నాడు పెద్దనాన్న గ్రూపులో మెసేజి పెట్టాడు. ఇకనుంచి పావుకిలో దాటిన పుస్తకం ఒప్పుకోబడదు.

అలా సాగింది వ్యవహారం. ఆవిడ పుస్తకం విసరడం, ఈయన మొండికెత్తి తూకం ఇంకా తగ్గించడం. పళ్ల డాక్టరు చప్పుడు కోసమే వచ్చేవాడు. "ఈరోజు ఇంకా పడలేదేమిటండీ?" అని అడిగేవాడు కూడా. డ్రైవరు అంబులెన్సులోంచే మాట్లాడేవాడు. "పోయినవాళ్లు బతికున్నవాళ్లకంటే బరువుంటారు పెద్దాయనా, మోసి చెబుతున్నాను" అన్నాడొకసారి.

"ఉండరు" అన్నాడు పెద్దనాన్న. "నీ నడుం పని అయిపోయింది. చూపించుకో."

పాపాయికి ఇదంతా నవ్వులాటలా ఉన్నా లోపల భయం పోలేదు. ఈ గ్రూపు నిలిస్తేనే పెద్దనాన్న నిలుస్తాడు. ఇది చెదిరిపోతే ఆ మంచం, ఆ గోడ కాచుకుని కూర్చునే ఉన్నాయి. అందుకే తూకం వందగ్రాముల రాయి దగ్గరకు దిగి, చదవడానికి కరపత్రాలు తప్ప మిగలని రోజున తనే అడిగేసింది.

"ఎందుకు పెద్దనాన్నా ఈ పట్టుదల? జనం విసిగిపోతున్నారు."

"పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనుకో" అన్నాడాయన.

అనుకున్నంతా అయింది. ఒక ఆదివారం టీచరమ్మ తాడో పేడో తేల్చుకోవడానికే వచ్చింది. ఆవిడ కోరిన నవల తలకింద పెట్టుకుంటే దిండు, తలమీద పడితే పోలీసు కేసు. ఒక ఊరు మెల్లగా నీట మునిగిపోయే కథ.

"చిన్నప్పుడు చదివాను. మళ్లీ ఒక్కసారి చదవాలి. ఎప్పుడో కాదు, ఇప్పుడే. కుదరదంటే నేను గ్రూపులో ఉండను" అంది.

"అది రెండుకిలోలుంటుందండి" అన్నాడు పెద్దనాన్న. ఆయన గొంతులో ఏదో కంగారు. "ఇంకేదైనా అడగండి. అది వద్దు."

"ఫోన్లో చదివేస్తే బరువే ఉండదు కదండీ" అన్నాడు పళ్ల డాక్టరు, సంధి కుదురుద్దామని.

"ఫోను స్టాండులో పెట్టి చూపిస్తారు, వేలితో ఎవరో జరుపుతారు. అదా చదవడం? నా పేజీ నేను తిప్పుకుంటాను" అంది టీచరమ్మ.

"అయితే నేనే పోతాను. ఆ పుస్తకం పెడితే నేనుండను" అన్నాడు పెద్దనాన్న.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఓట్లు వేశారు. డ్రైవరు, డాక్టరు టీచరమ్మ వైపు. పాపాయి తటపటాయించి, ఆవిడ పోతే ఎలాగూ గ్రూపు ఉండదని, చివరికి తనూ ఆవిడకే వేసింది. తెరమీద పెద్దనాన్న మొహం ఒక్క క్షణం అలాగే ఉండి, మాయమైపోయింది.

ఫోను చేస్తే ఎత్తలేదు. తెల్లారగానే పాపాయి ఆయన ఇంటికి పరిగెత్తింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. మంచం ఖాళీ. త్రాసు లేదు. ఆ మంచమ్మీదే కూలబడింది. తన ఓటే ఆయన్ని చంపిందనుకుంది. ఎక్కడ వెతకాలో తోచక షాపు తీసి నలుగురికీ ఫోన్లు చేద్దామని వెళితే, షాపు మెట్లమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో, పెద్దమ్మ పుస్తకాల్లోంచి తీసిన ఆ లావు నవల. పక్కన త్రాసు.

"కొయ్యి" అన్నాడు, నవల పాపాయి చేతిలో పెట్టి.

"నామీద కోపం పుస్తకం మీద తీరుస్తావా?"

"కోపం లేదు, ఏమీ లేదు. కుట్టు విప్పి పేజీల కట్టలు, ఆ ఫారాలు, విడదియ్యి. రెండేసి ఫారాలు కలిపి పల్చటి అట్టతో వేరే పుస్తకంలా కుట్టు. నేను తూస్తాను."

పేజీ మూల మడిస్తేనే మండిపడే మనిషి పుస్తకాన్ని కొయ్యమంటున్నాడు. మతి చలించిందేమోనని పాపాయి ఆయన మొహంలోకి చూసింది.

"ఎవరికి పెద్దనాన్నా?"

"టీచరుగారికే. ఆవిడ చేతులు పోతున్నాయే."

పాపాయికి అర్థం కాలేదు.

"ఆవిడ విసిరేస్తోందని మీరంతా నవ్వుతున్నారు. విసిరిన పార్శిలు ఒక్కసారే చప్పుడవుతుంది. చేయి జారింది రెండుసార్లవుతుంది, ముందు ఒళ్లో, తర్వాత నేలమీద. నా ఉద్యోగమంతా ఆ రెండూ వింటూనే గడిచింది. మొదటిది లావు పుస్తకం జారింది. తగ్గించాను. పావుకిలోది కూడా జారింది. ఇంకా తగ్గించాను. పడ్డాక ఆవిడ తీసుకోలేదు, గమనించావా? ఫలానా పేజీ చూడండంటే తిట్టి తప్పించుకుంటుంది. లేచిన చప్పుడు, నడిచిన చప్పుడు ఒక్కనాడైనా విన్నావా అక్కడ?"

పాపాయి చేతిలోని నవలను ఒకసారి పైకెత్తి బరువు చూసింది. "నాకైనా చెప్పొచ్చుగా. ఆవిడతోనైనా అనొచ్చుగా" అంది.

"ఆవిడ దాచుకున్నది నేనెవర్ని చెప్పడానికి? జాలిపడ్డామని తెలిస్తే మనల్ని బతకనిస్తుందా? అన్నం ఎవరో పెడుతున్నారు, తల ఎవరో దువ్వుతున్నారు. పేజీ ఒక్కటే తను తిప్పుకుంటోంది. అదీ ఎన్నాళ్లో."

"మరి ఆవిడకొక్కదానికే ముక్కలు పంపితే తెలిసిపోదూ?"

"అందుకే అందరికీ పంపుదాం, మిగతావాళ్లకు జిరాక్సు తియ్యి. నన్ను పిచ్చివాడంటారు. ఇప్పుడు మాత్రం అనట్లేదా ఏమిటి?"

పాపాయి షట్టరు ఎత్తి దారాలు తెంపడం మొదలెట్టింది. కళ్లలో నీళ్లు వచ్చి రెండుసార్లు బ్లేడు పక్కన పెట్టాల్సి వచ్చింది. పెద్దనాన్న ఒక్కో ముక్కనూ పళ్లెంలో పెట్టి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు. ఆ సాయంత్రం గ్రూపులో ఆయన మెసేజి వచ్చింది: "మెజారిటీకి తలవంచి పెద్ద నవలకు ఒప్పుకున్నాను. తూకం రూలు మారదు. అందుచేత పుస్తకాన్నే తూకానికి తెచ్చాం. అందరికీ భాగాలుగా అందుతుంది. నచ్చనివారు అతికించుకోవచ్చు."

"పోతానన్నారు కదా?" అని రాశాడు పళ్ల డాక్టరు.

"పోయాను. తిరిగొచ్చాను. టపాలో తిరిగొచ్చే పార్శిళ్లు ఉండవా?"

తర్వాతి ఆదివారం అందరూ ఆయన మీద విరుచుకుపడ్డారు. పళ్ల డాక్టరుకు రెండో ముక్క రెండు కాపీలు వచ్చి మొదటిది రాలేదు. అయినా కథ బాగా అర్థమైందన్నాడు. డ్రైవరు మాత్రం జేబులో పడుతోందని సంతోషించాడు. ఇంకెవరినైనా మోయడానికి పిలుపొచ్చేలోపు నాలుగు పేజీలు లాగించవచ్చట. పెద్దనాన్న అన్నీ వింటూ కుక్కిన పేనులా కూర్చున్నాడు. ఆయన చెవి మొత్తం ఒక్కవైపే ఉంది. టీచరమ్మ ఇంకా నోరు విప్పలేదు. ఆవిడ వైపునుంచి అప్పుడప్పుడు పేజీ తిరిగిన చప్పుడు మాత్రం, మెల్లగా, వస్తోంది.

పాపాయి తెరమీద టీచరమ్మ నల్లటి గడివైపే చూసింది. ఆవిడకు తెలిసిపోయిందా? తెలిస్తే ఇవాళే వెళ్లిపోతుందా?

"పార్శిలుగారూ" అంది టీచరమ్మ చివరికి.

"చెప్పండి."

"నాలుగో భాగం బరువుగా ఉంది. తూచినవాళ్లు కునుకు తీశారా?"

డాక్టరు, డ్రైవరు ఇది మామూలు తగాదానే అనుకున్నారు. పెద్దనాన్న మాత్రం తన నాలుగో భాగం తీసి అరచేతిలో బరువు చూశాడు.

"పొరపాటేనండి. ఒక ఫారం తగ్గించి మళ్లీ పంపిస్తాం."

"పంపండి. చివరి భాగాలు ఇంకా పల్చగా ఉండాలి. అప్పటికి ఇవి కూడా బరువవుతాయి. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ననకండి."

"అలాగేనండి టీచరుగారూ. ఎంత పల్చగా కావాలంటే అంత పల్చగా."

"సరే. మొదటి పేజీ తియ్యండి అందరూ. ఒక్కరూ సరిగ్గా చదివి ఉండరు."

అందరూ తీశారు. పెద్దనాన్న తన ఫోను గొంతు ఆపేసి, పక్కనే కూర్చున్న పాపాయి మీదకు వంగాడు. కళ్లు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం కోపంగా పెట్టుకున్నాడు.

"దారం లావైంది" అన్నాడు గుసగుసగా. "తూచి కుట్టమన్నానా లేదా?"