తెల్ల గోరింక దిగిన మూల

ఆ రోజుల్లో ఆడపిల్ల స్కూల్ ఫైనల్ పాసైందంటే, టీచరు ట్రైనింగు స్కూల్లో సీటు వచ్చేదాకా ఆ పిల్లని ఏం చెయ్యాలో ఇంట్లోవాళ్ళకి తోచేది కాదు. మా అమ్మ నన్ను జగ్గయ్యపేటలో బస్సెక్కించి, నందిగామ అవతల వీరులపాడు దగ్గరున్న మేనమామ ఇంటికి పంపేసింది. మామయ్య నా చదువుని గౌరవించి, జొన్నచేలో మంచె మీద కూర్చోబెట్టి, పిట్టల్ని తోలమని చేతికో పాత కిరసనాయిలు డబ్బా, ఓ కర్రా ఇచ్చాడు. (ఇంగ్లీషులో నాకొచ్చిన మార్కులు అక్కడెవరికీ పట్టలేదు.)

కంకి పాలుపోసుకునే వేళకి వలస గోరింకలు దిగేవి. నల్ల తల, గులాబీరంగు ఒళ్ళు. మబ్బు తెగి చేలో పడ్డట్టుండేది. ఓ పొద్దున డబ్బా ఎత్తానో లేదో, ఆ మబ్బులో ఒకటి తళుక్కుమంది. తోక దాకా తెలుపే!

"మామయ్యా! తెల్ల గోరింక!"

"కొంగయ్యుంటది. డబ్బా కొట్టవే!"

"కొంగ కంకుల మీద వాలుద్దా మామయ్యా?"

మామయ్య ఒడిసెలతో సహా మంచెక్కాడు. చూశాడు. "ఓర్నాయనో" అన్నాడు. ఇద్దరం చూస్తుంటే పైనుంచి డేగ దూసుకొచ్చింది. అన్ని పిట్టల్లోనూ దాని కంటికి ఆ తెల్లదే ఆనింది మరి! "కొట్టు మామయ్యా!" అని నేను అరిచేసరికి ఒడిసెల గిర్రున తిరిగింది. (అంతకుముందు మామయ్య రాయి పక్కచేలో గేదెకి తప్ప దేనికీ తగిలిన పాపాన పోలేదు.) రాయి డేగ రెక్కని రాసుకుంటూ పోయింది. డేగ బెదిరి పక్కకి మళ్ళింది. నేను వేసిన గంతులకి మంచె ఊగి ఇద్దరం కిందపడబోయాం.

అంతలో అన్నం క్యారేజీతో అత్తయ్య వచ్చింది. "పంటంతా పిట్టల పాలవుతుంటే మీకూ మీ మేనకోడలికీ తిరునాళ్ళా ఇక్కడ?" అని డబ్బా, కర్రా లాక్కుని తనే కొట్టబోయింది. నేను వేలు పెట్టి చూపించా. కర్ర గాల్లోనే ఆగింది.

"ఓసి దీని దుంపతెగా! సున్నంలో ముంచి తీసినట్టుందే!" అని, గొంతు తగ్గించి, "ఆ తూర్పు మూల మాత్రం కొట్టకండి, బెదురుద్ది" అంది.

మేం కొట్టలేదు. ఆ సంగతి మిగతా గోరింకలకీ తెలిసిపోయింది కాబోలు, గుంపంతా వచ్చి ఆ మూలకే చేరింది. పక్కచేలవాళ్ళు ఎంతమంది వచ్చి తోలమని చెప్పినా మా ముగ్గురికీ చెవికెక్కలేదు. ఓ రోజు పొద్దున చూస్తే చేలో ఒక్క పిట్ట లేదు.

కోతలనాడు ఆ మూల కంకుల్లో ఊక తప్ప గింజ లేదు. మామయ్య తలపాగా సర్దుకుంటున్నట్టు మొహం తిప్పుకున్నాడు. నేను మామయ్య వెనక్కి తప్పుకున్నా. అత్తయ్య ఓ కంకి అరచేతిలో నలిపి, ఊది, "పోన్లెండి, చొప్ప బాగానే ఉంది" అంది. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "చదువుకున్నదానివి కదా, మళ్ళీ ఏడు వస్తుందంటావా అది?" అనడిగింది.

"తప్పకుండా వస్తుంది అత్తయ్యా!" అన్నా.

తర్వాత ముప్పయ్యేళ్ళపాటు పంతులమ్మగా ఎన్ని ప్రశ్నలకి జవాబులు చెప్పానో! ఏమీ తెలియకుండా అంత ధీమాగా మాత్రం మళ్ళీ ఎప్పుడూ చెప్పలేకపోయా.