ఎద్దు మెడకు వద్దు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అక్షరాలు వచ్చింది నా ఒక్కదానికే. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రెండు మూడేళ్ల నాటి మాట ఇది. నేను నాలుగో తరగతిలో ఉన్నాను. నా దస్తూరి ముత్యాల్లాగా ఉందని పంతులు ఒకసారి మెచ్చుకున్నాడు, దాంతో నాకు కాస్త పొగరు కూడా ఎక్కింది. రాజధాని వచ్చిందని అందరూ సంబరపడ్డారు గానీ, దాని వెలుగు మా కోసిగి దిక్కుకు రాలేదు లెండి. ఆ యేడు వాన కూడా రాలేదు.

మాది మోకులు పేనే ఇల్లు. చేల గట్లమీద పెరిగే కిత్తనార మట్టలు కోసుకొచ్చి, గుంతలో నానబెట్టి, బండమీద బాది నార తీసేవాళ్లం. నానిన మట్టల వాసన ఎంత ఉతికినా మా బట్టల్ని వదిలేది కాదు. బావిలో నీళ్లు తోడుకోవడానికి, బండిమీద బరువులు బిగించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా మా మోకులే కొనేవాళ్లు. ఆ యేడు మాత్రం డోన్ మీదుగా రైల్లో కొబ్బరి మోకులు వచ్చి సంతలో దిగాయి. ఎర్రగా, అన్నీ ఒక్క తీరుగా, చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. జనం అటు తిరిగారు. మా నాయన మోసుకుపోయిన కట్టలు మోసుకుపోయినట్టే ఇంటికి తిరిగొచ్చేవి.

ఒకరోజు రొట్టె తింటూ మా నాయన చెప్పేశాడు. రాబోయే మూడు సంతల్లో సరుకు పోతే సరి, లేకపోతే సుగ్గికి పోదామని. సుగ్గికి పోవడమంటే ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో, చట్టీకుండలతో, పంట ఎక్కడుంటే అక్కడికి కూలికి పోవడం. అలా పోయిన పిల్లలు మళ్లీ బడికి రావడం నేను చూడలేదు. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల అంతకుముందు యేడే అలా పోయింది. ఏమైనా సరే ఈ మోకులు అమ్మించి తీరాలనుకున్నాను. నాకు వచ్చిన పని రాయడమొక్కటే కాబట్టి, రాసి అమ్మించాలనుకున్నాను.

కిరసనాయిలు డబ్బా రేకును సాపు చేసి దానిమీద సున్నంతో రాశాను. నా పాఠాల పుస్తకంలోని పెద్ద పెద్ద మాటలన్నీ అందులో దించాను. ‘సర్వశ్రేష్ఠమైన మోకులు. ఏనుగును కట్టినను తెగవు. సకల కార్యములకు పనికివచ్చును.’ మా నాయనకు చదవడం రాదు గానీ, ఆ రేకును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. మా అవ్వ మాత్రం ఏం రాశావో చదివి చెప్పమంది, విని మళ్లీ నార చేతిలోకి తీసుకుంది. మా ఇంట్లో నార పేనడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

సంతలో చదువు వచ్చినవాడు ఒకడు ఆగి గట్టిగా చదివితే, చుట్టూ పదిమంది చేరి వినడం మామూలే. ఆ సంతకు నాయనతో అవ్వా నేనూ కూడా పోయాం, నా రేకునూ అలాగే చదివారు. ఏనుగు మాటకు కొందరు నవ్వుకున్నారు. తమకు ఉన్నవి నాలుగు గొర్రెలేనని ఒకాయన ఎగతాళి చేశాడు. అయినా ఆ రోజు ఒక మోకు అమ్ముడుపోయింది. ఎన్నేళ్లో కూలి చేసి, తన జీవితంలో మొదటిసారి ఒక ఎద్దును సంపాదించుకున్న మనిషి దాన్ని కొన్నాడు. నా రాత పనిచేసిందని నేను ఎగిరి గంతేశాను.

తర్వాతి సంతకు ఆ మనిషి ఎద్దును తోలుకునే వచ్చాడు. దాని మెడచుట్టూ తోలు లేచిపోయి, ఎర్రగా పచ్చిగా ఉంది. ఈగలు ముసురుతున్నాయి. కిత్తనార గరుకు. పశువు మెడకు మెత్తటి జనుపనార పలుపే కట్టాలి. ఆ సంగతి పక్కవాళ్లు ఆయనకు చెప్పారట కూడా. కానీ రాసిన మాట కంటే నోటిమాట ఎక్కువా అని ఆయన వినలేదు. అరవలేదు, తిట్టలేదు. మా అవ్వ ముందు నిలబడి నెమ్మదిగా అన్నాడు:

“అన్ని పనులకూ వస్తాదని రాసినారంట గదవ్వా. నమ్మి కట్టినా.”

నేను కట్టల వెనక్కి జరిగి తల దించుకున్నాను. మా అవ్వ ఆముదంలో పసుపు కలిపి తెప్పించి, ఎద్దు మెడకు తనే రాసింది. వచ్చే సంతకు మెత్తటి పలుపు తన చేత్తో పేని ఇస్తానని మాటిచ్చింది. దారి పొడుగునా నన్ను తిట్టకుండా, పలుపుకు జనుపనార ఎక్కడ తేవాలో నాయనతో మాట్లాడుతూ నడిచింది. రెండు దెబ్బలు వేసినా నాకు అంత బాధ ఉండేది కాదు.

మర్నాడు పొద్దున్నే అవ్వ ఒక కొత్త మోకు నా చేతిలో పెట్టి బావి దగ్గరకు తీసుకుపోయింది. తొట్టి నిండేదాకా తోడమంది. పది కడవలకే అరచేతులు మంటెత్తాయి. నిండాక ఆ తడి మోకునే చుట్టి నా మెడలో వేసి ఇంటిదాకా నడిపించింది. గుమ్మం చేరేసరికి మెడంతా ఒకటే దురద. అప్పుడు అరుగుమీద కూర్చోబెట్టి, పక్కింటి పిల్ల ఈ మోకు కొనుక్కుంటానంటే ఏం చెప్తావని అడిగింది. ఉక్రోషంతో ఉన్నానేమో, ఉన్నదున్నట్టు కక్కేశాను. చేతులు మండుతాయని, మెడమీద వేసుకోవద్దని, అయినా నిండు కడవను గట్టిగానే లాగిందని. తడిమీద చుట్టిపెడితే కుళ్లిపోతుందని నాకు ముందే తెలుసు కాబట్టి అదీ చెప్పాను.

“ఇప్పుడు నీ నోట్లోంచి వచ్చింది సూడు, అది రాయి పాపా,” అంది అవ్వ. “ఏనుగును నువ్వూ సూళ్లేదు, నేనూ సూళ్లేదు.”

నాకు భయం వేసింది. మిగిలింది ఒక్క సంత. వద్దు అని మనమే రాసుకుంటే కొనేవాళ్లు కూడా వెనక్కి పోరా అని వాదించాను. ఆ సంత పోతే నా బడి పోతుందని ఏడ్చాను కూడా. అవ్వ నా కళ్లు తుడిచింది గానీ మాట మార్చలేదు.

“ఆయప్పకు ఉండేది ఒక్క ఎద్దు. నువ్వు రాసింది నమ్మినాడు. నీకు బడి ఎంతో, ఆయప్పకు ఆ ఎద్దు అంత.”

రేకు కడిగి మళ్లీ రాశాను. సంతలో చదివేది ఒకరు, వినేది పదిమంది కాబట్టి, పంతులు చూస్తే నవ్వుతాడని తెలిసినా మేము మాట్లాడుకున్నట్టే రాశాను. ‘కిత్తనార మోకు. బావికి, బండికి. ఎద్దు మెడకు వద్దు, ఒరుసుకుంటాది. మొదట నాలుగు రోజులు చేతులు మండుతాయి, తర్వాత మెత్తబడతాది. వాడినాక ఎండబెట్టుకోవాల. ఒక ఎండాకాలానికి తప్పకుండా వస్తాది. రెండోదానికి వచ్చేది మీరు ఎండబెట్టేదాన్ని బట్టి ఉండాది.’

మూడో సంతలో ఒకాయన అది గట్టిగా చదివాడు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అమ్మేవాళ్లే వద్దంటున్నారేమిటని ఎవరో నవ్వారు. పలుపు కోసం వచ్చిన ఎద్దు మనిషి అక్కడే నిలబడి అంతా విన్నాడు. చదివినాయన్ని ఇంకోసారి చదవమన్నాడు. విని, ముందుకు వచ్చాడు.

“ఆ ఎద్దు నాదేనప్పా. అంత మాట దాయకుండా రాసినోళ్లు మిగతాది దాస్తారా? నాకు బావికొక మోకు ఇయ్యవ్వా.”

ఆయన తర్వాత ఇంకొకరు, ఆయన తర్వాత ఇద్దరు, అలా పొద్దు వాలేదాకా కొంటూనే ఉన్నారు. కొబ్బరి మోకుల దగ్గర జనం తగ్గలేదు, అబద్ధమెందుకు. కానీ నాలుగు కట్టలతో వెళ్లిన మా నాయన ఆ సాయంత్రం ఒక్క కట్టతో ఇంటికొచ్చాడు. మర్నాడు నేను వాకిట్లో కూర్చుని ఉంటే, బడికి పొద్దుపోలేదా, ఇంకా ఈడే ఉండావే అన్నాడు. ఆ యేడు మా ఇంట్లో సుగ్గి మాట మళ్లీ వినపడలేదు.

పెళ్లయ్యాక డోన్‌లో చిన్న పచ్చళ్ల కొట్టు పెట్టాను. ముప్పై ఏళ్లు నడిపాను, ఇప్పుడు నా కోడలు నడుపుతోంది. సీసాలకు అంటించే చీటీలమీద రాతలు మాత్రం ఈనాటికీ నావే. మొదట ఎవరికి వద్దో రాస్తాను, ఆ తర్వాతే ఎవరికి బాగుంటుందో రాస్తాను. ఉన్న గిరాకీని చెడగొట్టుకుంటున్నానని నా మొహం మీదే అన్నవాళ్లు ఉన్నారు. వద్దు అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఇన్నేళ్ల తర్వాత కూడా నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, కొనేవాళ్లు వెనక్కి పోతారేమోనని. అయినా రాస్తాను.