మా అమ్మ కుట్టుమిషనుకు నేను చేసిన ఉపకారం

సాటి మనుషులకు అపకారం చేసినవారిని మీరు చాలామందినే చూసి ఉంటారు. సాక్షాత్తూ అమ్మవారికి చేరవలసిన పాటను దారిలోనే ఆపి, ఆ పాట మీద ఆధారపడిన తన ప్రాణాన్నే ప్రమాదంలో పెట్టుకుని, ఆ ఘనకార్యానికి స్వయంగా మిఠాయిలు పంచిన మనిషిని మాత్రం చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. మా వంశంలో మొట్టమొదటి బీయస్సీని. ఈ రెండో సంగతి ఆ రోజుల్లో నేను పాలు పోసేవాడికి కూడా చెప్పేవాణ్ణి.

మాది ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రెండు గదుల రైల్వే క్వార్టరు. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. కుడుతూ దేవుడి పాటలు కట్టేది. "కుడుతూ" అన్న మాటను దయచేసి గమనించండి. నేను గమనించలేదు కాబట్టే ఇదంతా రాసుకోవలసి వచ్చింది.

అమ్మ చదువు రెండో తరగతిలోనే ఆగిపోయింది. అయినా ఆమె కవిత్వానికి చాలా కచ్చితమైన నియమాలుండేవి. జాకెట్టు చేతిపట్టీ కుడుతుంటే పొట్టి పాదం వచ్చేది, పక్క కుట్టు వేస్తుంటే పొడుగు పాదం. గుడ్డ అంచుకు వచ్చి సూది పైకెత్తిందంటే పాదం ముగిసినట్టే. కాలి కింద తొక్కుడు పలక కొట్టే టకటకే తాళం. దారం తెగితే పాట అక్కడికక్కడే నిలిచిపోయి, మళ్లీ దారం ఎక్కించాక సరిగ్గా అదే అక్షరం దగ్గర అందుకునేది. నేను మాత్రం ఆ పాటలను, పని చేసుకునేవాళ్లు తీసే కూనిరాగాల కింద జమకట్టాను. డిగ్రీలో ఛందస్సు కాగితాల మీద ఉంటుందని చెప్పారు. కాలి కింద ఉంటుందని చెప్పలేదు.

ఇక మొక్కు సంగతి. నాకు ఏడాది వయసులో అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులతో కన్ను తెరవని నన్ను ఒళ్లో పెట్టుకుని అమ్మ మొక్కుకుందట: పిల్లవాడు దక్కితే ఏటా ఘటాల ఊరేగింపు నాటికి తన నోట పుట్టిన కొత్త పాట ఒకటి సమర్పిస్తానని. పాత పాట చెల్లదు, ఇంకొకరి పాట అసలే చెల్లదు. నేను దక్కాను. ఏటా పాట పుట్టింది. ఒక్క ఏడూ తప్పలేదు.

ఆ పాటల్లో తరచుగా "కాళ్లు లాగుతున్నాయి తల్లీ" అని వచ్చేది. దేవికి అందిన ఆ ఫిర్యాదును నేను విజ్ఞానశాస్త్ర పద్ధతిలో పరిశీలించాను. సమస్య కాలు. కారణం తొక్కుడు. పరిష్కారం మోటారు. ఒక ప్రైవేటు బడిలో సైన్సు మాస్టారుగా చేరి మొదటి జీతం అందుకున్న రోజునే ఖరిదా బజారు నుంచి కరెంటు మోటారును, దానితోపాటు మెకానిక్కును వెంటబెట్టుకుని వచ్చాను.

"ఏటిరా బాబూ ఇది?" అంది అమ్మ.

"మోటారమ్మా. ఇకమీదట నువ్వు శ్రమపడనక్కరలేదు. పాదంతో ఇలా స్పృశిస్తే చాలు."

"తొక్కకపోతే మిసనెలాగ తిరుగుద్దిరా?"

"విద్యుచ్ఛక్తి తిప్పుతుంది."

అమ్మ భయపడుతూనే పాదం ఆనించింది. మిషను తోక తొక్కిన పిల్లిలా అరిచి ఒక్క ఉరుకున గుడ్డ ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. ఆ జాకెట్టు మా పక్కింటి అప్పలకొండ అత్తది. ఆవిడ అమ్మ భజన బృందంలో పెద్ద గొంతు.

"ఓలమ్మో! సెయ్యెట్టుకునే కంత మూసీసినావేటి వదినా? నేను జాకెట్టడిగితే సంచీ కుట్టినావేటే?"

"అలవాటు కావాలత్తా," అన్నాను నేను గంభీరంగా. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఇంతటితో ముగిసేది. మిషనును చిన్న బల్ల మీదికి ఎక్కించి, చోటు ఆక్రమిస్తోందని పాత ఇనుప స్టాండును తొక్కుడు పలకతో సహా పూరీ గేట్ దగ్గర చాయ్ కొట్టు బెంగాలీ దాదాకు దానం చేసేశాను. ఆయన దాని మీద చెక్క పరిచి, కాళ్లు నేలలో దింపి సిమెంటు పోసి, చాయ్ గ్లాసులు పెట్టుకునే బల్లగా మార్చుకున్నాడు.

ఇంట్లో పాట ఆగిపోయింది. సీసాలో బంధించిన కందిరీగలా మోటారు ఒక్కటే రొద పెట్టేది. నేను దాన్ని ప్రశాంతత అనుకున్నాను. బడిలో తోటి మాస్టార్లకు మిఠాయిలు పంచి, "మా ఇల్లు ఇప్పుడెంత నిశ్శబ్దంగా ఉందో!" అని చెప్పుకున్నాను. అమ్మను అడిగితే, "బాగుందిరా. నువ్వు తెచ్చినాక బాగోకపోద్దేటి?" అనేది. చకచకా కుట్టు ముగించి, గోడకేసి చూస్తూ కూర్చునేది.

ఊరేగింపు పది రోజులుందనగా భజన బృందం మా వాకిట్లో దిగింది.

"వదినా, ఈ ఏడు పాటేదీ? నేర్సుకోడానికి మాకు వారం పడతాది," అంది అప్పలకొండ అత్త.

"ఇంకా రానేదే."

"రానేదంటే? లేటా, కేన్సిలా?"

"సిగ్నలే పడనేదు," అంది అమ్మ. మెల్లగా అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకు మొదటిసారి అనుమానం కలిగింది.

అత్త నా వైపు తిరిగింది. "నీ మోటారొచ్చినకాణ్నించీ మీయమ్మ మూగదైపోనాది. ఆ మొక్కెవులి పేర ఉన్నాదో ఎరుగుదువా?"

"అది మూఢవిశ్వాసం అత్తా. శాస్త్రీయంగా ఆలోచిస్తే..."

"ఒరే బీయస్సీ! ఈ ఏడు పాటందకపోతే పొయ్యీది నీ పేణం గానీ, మీ హెడ్మాస్టరుది కాదు!"

నా శాస్త్రీయ దృక్పథం రహస్యంగా నుదుటి మీద చెయ్యి వేసి చూసుకుంది. కొద్దిగా వెచ్చగానే తగిలింది.

వెంటనే రంగంలోకి దిగాను. సంగీతం నేర్చుకునేవాళ్లు వాడే తాళం యాప్ ఒకటి ఫోనులో దించి అమ్మ ముందు పెట్టాను. అది టిక్ టిక్ మంది. అమ్మ కాసేపు విని, "కొళాయి కట్టీరా, నీళ్లు కారిపోతన్నాయి," అంది. ఇక లాభం లేదని నేనే రాత్రి భోజనంలోపు ఒక పాట రచించాను. అమ్మ దాన్ని తన నోట పుట్టినట్టు భావించి పాడితే సరిపోతుందని నా వాదన. మరునాడు భజన బృందానికి చదివి వినిపించాను. "నిఖిలభువనపాలనధురంధరీ" అన్న మొదటి మాటకే ఇద్దరికి దగ్గు వచ్చింది.

"ఇది పాటా, కోర్టు నోటీసా?" అంది అప్పలకొండ అత్త.

అమ్మ నా మనసు నొచ్చుకోకుండా చెప్పింది: "బాగుందిరా బాబూ. మాకే కాదు, అమ్మవోరికీ అర్థం కాదేమోనని. ఆ తల్లి మాత్రం ఏటి సదువుకున్నాది?"

అప్పుడు నాన్న కల్పించుకున్నారు. "మిసను బాగానే ఉన్నాదిరా. నువ్వు ఇంజనును ఊడదీసి ఊరికిచ్చీసి, బోగీ ఇంట్లో ఎట్టుకున్నావు."

నాన్నా నేనూ పూరీ గేట్‌కు పరిగెత్తాం. చాయ్ దాదా రెండు చేతులూ ఊపాడు. "నహీ హోగా మాస్టార్! సిమెంట్ కియా!" నేను పట్టి లాగి చూశాను. బల్ల కదలలేదు. నా నడుము కదిలింది.

సంగతి విని అమ్మ చెంగు బిగించింది. "అది రాకపోతే నేనే ఎల్తాను. పద."

అలా మరునాటి పొద్దున్న నుంచి అమ్మ చాయ్ కొట్టులో కూర్చుంది. దాదా గ్లాసులు ఒక పక్కకు జరిపి, "బోషో మాసీ, బోషో," అని స్టూలు తుడిచి వేశాడు. అమ్మ చెక్క మీద కుట్టని జాకెట్టు గుడ్డ ఒకటి పరిచి, పలక మీద పాదాలు పెట్టి తొక్కసాగింది. సూది లేదు, దారం లేదు. గుడ్డ మాత్రం వేళ్ల కింద నడుస్తోంది. అంచు రాగానే చెయ్యి పైకి లేస్తోంది. గ్లాసులు గలగలమంటున్నాయి. చాయ్ తాగేవాళ్లు ఊదుకోవడం మానేసి చూస్తున్నారు.

మూడో రోజున అమ్మ పెదవులు కదలడం మొదలైంది. సరిగ్గా అప్పుడే మా హెడ్మాస్టరు చాయ్ కోసం వచ్చారు.

"ఏమయ్యా మాస్టారూ, మిషను లేకుండా కుడుతోంది, ఎవరావిడ?"

నేను మా వంశంలో మొదటి బీయస్సీని కదా! "ఎవరో సార్. నేనెరుగను," అన్నాను.

టకటక ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది. నేను గ్లాసులోకి చూస్తూ నిలబడ్డాను.

పాట పుట్టిందని ఆ సాయంత్రమే తెలిసింది. నేను బడిలో ఉన్న సమయంలో ఆడవాళ్లు నేర్చుకున్నారు. నేను ఇంటికి వస్తే కొంగులు నోట్లో కుక్కుకునేవారు. భక్తి ఎక్కువై అలా చేస్తున్నారనుకున్నాను.

ఊరేగింపు నాడు మైకు పట్టుకునే బాధ్యత నాదే. ఎవరి పేర మొక్కో వాడే పట్టుకోవాలన్నది అప్పలకొండ అత్త ఆ ఏడాది చేసిన చట్టం. డప్పులు మోగాయి. అమ్మ నెత్తి మీద ఘటంతో గొంతెత్తింది:

"మోటారు తెచ్చినాడమ్మా మా బీయస్సీ బాబు
నా నోటికి తాళమేసినాడమ్మా మా బీయస్సీ బాబు
పదిమందిలో నన్నెరగనన్నాడమ్మా మా బీయస్సీ బాబు
సదువెంత సదివినా సంటోడే తల్లీ
సల్లంగ సూడమ్మా మా బీయస్సీ బాబు!"

మాది తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా కలగలిసిన ఊరు. పాటలో అందరికీ అర్థమైన మాట ఒక్కటే. అది రాగానే వీధి వీధంతా "బీయస్సీ బాబు!" అని అందుకుంది. చాయ్ దాదా అందరికన్నా గట్టిగా అందుకున్నాడు. హెడ్మాస్టరు అరుగు మీద నిలబడి తాళం వేశారు. మైకు వదిలేస్తే మొక్కు చెడుతుంది, పట్టుకుంటే పరువు చెడుతుంది. గుడి దాకా పట్టుకునే ఉన్నాను.

ఇంటికి వచ్చాక అడిగాను. "అమ్మా, నా సంగతులన్నీ అమ్మవారికి చెప్పుకోవడమేమిటి?"

"మరెవులికి సెప్పుకోమంటావురా? నువ్వు నన్నెరగవు గదా," అంది అమ్మ, నా కంచంలో అన్నం వడ్డిస్తూ.

మోటారును మర్నాడే మెకానిక్కుకు ఇచ్చేసి, మిషనుకు చేత్తో తిప్పే పిడి పెట్టించాను. అమ్మ బతికినంత కాలం ఏటా ఊరేగింపుకు ముందు వారం రోజులు ఆ చాయ్ కొట్టుకు వెళ్లి పాట కట్టుకుని వచ్చేది. హెడ్మాస్టరు అడగకపోయినా నేనే "మా అమ్మ సార్" అని చెప్పేవాణ్ణి. రెండేళ్ల కిందట ఆమె వెళ్లిపోయింది. పెద్దకర్మ నాడు చదువుదామని నాలుగు పేజీల నివాళి రాసుకున్నాను. మొదటి పేజీ సగం కాకముందే భజన బృందం ఆ బీయస్సీ బాబు పాట అందుకుంది. కొత్త పాట కట్టేవాళ్లు లేరు కాబట్టి ఊరేగింపులో కూడా ఇప్పుడు ఏటా అదే పాడుతున్నారు. మైకు నేనే పట్టుకుంటున్నాను. నా విద్యార్థులు కోరస్ పాడుతున్నారు.

కాబట్టి పెద్దలందరి ఎదుట త్రికరణశుద్ధిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకపై ఎవరి శ్రమనూ, అందులో ఇంకేం పుడుతోందో వారిని అడిగి తెలుసుకోకుండా తగ్గించను. ఈ ప్రతిజ్ఞను చూపించి మా ఆవిడ అడిగిన వాషింగ్ మెషీన్‌ను ఏడాదిపాటు వాయిదా వేశాను. బట్టలు ఉతికేటప్పుడు నీకేమైనా పాటలు వస్తున్నాయా అని అడిగాను కూడా. ఆమె బకెట్టు తెచ్చి నా ముందు పెట్టి, "నాకు తిట్లే వొస్తన్నాయి. మీరు ఉతకండి, పాటలొస్తాయేమో సూద్దాం," అంది.

నాలుగు ఆదివారాలుగా ఉతుకుతున్నాను. ఒక్క పాదమూ పుట్టలేదు. రేపు మెషీన్ వస్తోంది. ప్రతిజ్ఞకు భంగమేమీ లేదు. ఈసారి శ్రమపడుతున్నవాణ్ణి స్వయంగా అడిగి, అతని పూర్ణ సమ్మతితోనే తెప్పిస్తున్నాను.