తక్కెడ బావగారి బేరం

తక్కెడ బావగారికి అబద్ధం రాదు. కొందరికి ఈత రానట్టు, అంతే. ముప్పయ్యేళ్లపాటు కొట్లలో తక్కెడలు తనిఖీ చేసే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక మనుషుల మాటల్లో కూడా అరగ్రాము తేడా ఒప్పుకోని స్థితికి వచ్చారు. అలాంటి మనిషిని అమ్మకాల బల్ల దగ్గర నిలబెట్టిన పాపం ఆయన మరదలిది, అంటే తమ్ముడి భార్యది.

ఆవిడ టైలరు. వీధిలో పదిమందిని కూడగట్టి, నెలకో శనివారం కమ్యూనిటీ హాల్లో పాత బట్టలూ సామాన్లూ అమ్మి, వచ్చిందంతా కేన్సర్ పరిశోధనకు పంపుతుంది. ఇల్లిల్లూ తిరిగి సామాన్లు అడిగి తెచ్చేది ఆవిడ, చిరుగులు కుట్టేది ఆవిడ, కొనడానికి వచ్చినవాళ్లను సాగనంపేది బావగారు.

"ఈ ఫ్యాను బాగా తిరుగుతుందా అండీ?"

"తిరుగుతుంది. గాలి రాదు."

"ఈ కోటు నాకు బావుందా?"

"కోటు బావుందమ్మా."

"నాకో?"

"కోటు బావుంది."

టైలరమ్మ తల పట్టుకుంది. "బావగారూ, మీకు దణ్ణం పెడతాను. అబద్ధం చెప్పొద్దులెండి, మాట్లాడకుండా ఉండండి చాలు!"

"అడిగితే చెప్పకపోవడం మోసం కదూ అమ్మాయ్?"

"మంచి పనికే కదా!"

"మంచి పనికైతే తూకం తగ్గించొచ్చా?"

ఈ మనిషితో వాదించేకంటే కుట్టు మిషనుతో వాదించడం నయం అనుకుందావిడ. అంతలో హాలు సెక్రటరీ వచ్చి మరో బాంబు పేల్చాడు. "రెండు నెలలుగా మీ అమ్మకానికి పురుగైనా రావట్లేదమ్మా. ఈసారీ ఇంతే అయితే మీ శనివారం కూడా వ్యాయామం క్లాసుకి ఇచ్చేస్తాం." అయిదేళ్ల శ్రమ. ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

అందుకే ఆ శనివారం పొద్దున్నే బావగారిని పక్కగదిలోకి తోసి, టోపీలూ విగ్గులూ ఉన్న పెట్టెలు అప్పగించింది. దుమ్ము దులుపుతూ కూర్చుంటారు, పీడా విరగడవుతుందని ఆవిడ ఎత్తు. హాలు మొత్తానికీ ఉన్న ఒక్క అద్దమూ ఆ గదిలోనే ఉందన్న సంగతి మరిచిపోయింది.

మధ్యాహ్నం, తలకి గుడ్డ చుట్టుకున్న ఒక స్కూలు టీచరు అటే వెళ్లింది. టైలరమ్మ పరిగెత్తుకెళ్లేసరికి ఆమె ఒక విగ్గు పెట్టేసుకుంది కూడా.

"ఎలా ఉందండీ? నిజం చెప్పండి."

"చాలా బా..." అని టైలరమ్మ అందుకోబోయింది.

"పిచ్చుకగూడులా ఉంది," అన్నారు బావగారు.

టీచరు అద్దంలో చూసుకుని, నిలబడలేక స్టూలు మీద కూలబడి మరీ నవ్వింది. "మూడు నెలల్నుంచి ఏం పెట్టుకున్నా ఇంట్లో అందరూ అద్భుతం అంటున్నారు. నాకు కళ్లు లేవా?"

నవ్వు సద్దుమణిగాక నెమ్మదిగా అడిగింది. "మీరు పంపే డబ్బుతో కనిపెట్టే మందు నాకు అందుతుందా?"

టైలరమ్మ వెనకనుంచి చేతులు ఊపి సైగలు చేసింది. బావగారు చూడనేలేదు.

"అందకపోవచ్చమ్మా. ఏళ్లు పడుతుంది. కానీ ఇవాళ మీకిచ్చే మందు కోసం కూడా, ఒకప్పుడు మీరెవరో తెలియనివాళ్లు ఇలా డబ్బు పోగుచేయడానికి అవస్థలు పడే ఉంటారు."

ఆమె తలూపింది. తర్వాత గంటసేపు బావగారు పెట్టెలన్నీ బోర్లించారు. ఇది వద్దు, ఇదీ వద్దు, ఇది అసలు టోపీయే కాదు. చివరికి ఒక నీలం టోపీ పెట్టించి, రెండడుగులు వెనక్కి వేసి చూశారు. "ఇది బావుంది."

ఆ ముక్క నమ్మదగిందని ఆమెకి తెలుసు. టోపీతోనే హాల్లోకి వచ్చి, "లోపలాయన బావుందంటే బావున్నట్టే!" అని అందరికీ చెప్పింది.

ఇంకేముంది, పక్కగది ముందు వరస కట్టారు. ఒకావిడ భర్తకి కోటు తొడిగి మరీ లాక్కొచ్చింది. బావగారు సగానికి సగం తిప్పి పంపారు. తిప్పి పంపినవాళ్లు ఇంకొకటి పట్టుకుని మళ్లీ వచ్చారు. ఆయన ఒప్పుకున్న వస్తువుకి ఒక్కరూ బేరమాడలేదు.

సాయంత్రం సెక్రటరీకి లోపలికి రావడానికి దారి దొరకలేదు. "వచ్చే నెల హాలు మీదే," అని, కుతూహలం ఆపుకోలేక బావగారినే అడిగాడు. "ఇకనుంచి ప్రతి నెలా ఇంత జనం వస్తారంటారా?"

"రాకపోవచ్చు," అన్నారు బావగారు.

టైలరమ్మ ఈసారి అడ్డుపడలేదు. "ఆయన రాకపోవచ్చన్నారంటే వచ్చే అవకాశం ఉన్నట్టేనండీ," అంది సంబరంగా. "లేకపోతే రారనే చెప్పేవారు!"