జెండాకు వేసిన పొట్లం ముడి

నేను మిలిటరీ కాలేజీలో చేరింది దేశం కోసం కాదు, తెల్ల గ్లౌజుల కోసం. ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఖాళీగా ఉన్న రోజుల్లో ఫోనులో ఒక రీల్ చూశాను. ఇరవై మంది ఆడపిల్లలు టోపీలు కళ్ల మీదికి దించుకుని, తెల్ల గ్లౌజులు వేసుకుని ఒకే అడుగుగా నడుస్తున్నారు. ముందు ఒకమ్మాయి జెండా పట్టుకుని ఉంది. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మరుసటి వారమే భూపాలపల్లి దారిలో కొత్తగా పెట్టిన ఆడపిల్లల మిలిటరీ కాలేజీకి దరఖాస్తు పెట్టాను. డిగ్రీతో పాటు డ్రిల్లు, తుపాకీ, పొద్దున్నే పరుగు కూడా నేర్పుతారని వాళ్ల కరపత్రంలో ఉంది. దరఖాస్తులో ‘ఎందుకు చేరాలనుకుంటున్నారు’ అని ఒక గడి ఉంటే ‘దేశసేవ’ అని రాశాను. ఆ గడిలో అంతకంటే ఎక్కువ పట్టదు కూడా.

మాది జనగామ బజారులో కిరాణా దుకాణం. సంగతి తెలిసి నాయనమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం ఉండబట్టలేక, “మనింట్ల తుపాకి వట్టినోళ్లు ఎవలున్నరే? తక్కెడ వట్టుమంటే తుపాకి వడ్తనంటవ్” అంది. బాపు అయితే, “హాస్టల్ల అన్నం మంచిగుంటదా?” అని ఒక్కటే అడిగి సంతకం పెట్టాడు. మంచిగా ఉండదని నాలుగో రోజే తెలిసింది. కానీ ఏ మొహం పెట్టుకుని తిరిగి వస్తాను? బజారంతా నన్ను బస్సెక్కించడానికి వచ్చింది మరి.

ఆ కాలేజీలో మిలిటరీ చాలావరకు గోడల మీదే ఉండేది. గేటు దగ్గర గోడ మీద ‘క్రమశిక్షణ’, ఆఫీసు గోడ మీద ‘నిజాయితీ’, స్నానాల గదుల గోడ మీద ‘త్యాగం’ అని ఎర్ర రంగుతో రాయించారు. ఎనభై మంది ఆడపిల్లలకు రెండే నల్లాలు కాబట్టి ఆ మూడోది మాత్రం సరైన చోటే రాశారు. మా తుపాకులు చెక్కవి. వాటికి నల్ల రంగు వేసి ఉండేది. వాన పడిన రోజు ఆ రంగంతా మా అరచేతులకే అంటుకునేది.

మాకు డ్రిల్లు నేర్పింది దేవరుప్పుల వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డు హవల్దారు. ఆయన్ను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన ఆర్డర్లు హిందీలో ఇచ్చేవాడు, తిట్లు మాత్రం మన భాషలోనే తిట్టేవాడు. మా పేర్లు గుర్తుంచుకోవడం కంటే ఊళ్లు గుర్తుంచుకోవడం తేలికనుకున్నాడేమో, ఒకరిని దంతాలపల్లి అనేవాడు, ఇంకొకరిని గూడూరు అనేవాడు. నేను జనగామను. మొదటి నెలంతా నాకు కుడి కాలుతో పాటు కుడి చెయ్యే లేచేది. ఉస్తాద్ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి చూసి, “జనగామా, నువ్వు గిట్ల నడ్సుకుంట బార్డర్ మీదికి పోతె శత్రువు నవ్వి నవ్వి సస్తడు. తుపాకి గూడ అక్కర్లేదు” అనేవాడు. అందరూ సావధాన్‌లో, అంటే కదలకుండా నిటారుగా, ఉండి నవ్వడానికి లేక మొహాలు ఎర్రగా చేసుకునేవాళ్లు.

గూడూరును మాత్రం ఆయన ఏమీ అనలేకపోయేవాడు. ఆమె నడుస్తుంటే తిట్టడానికి ఏమీ దొరక్క మా వైపు తిరిగేవాడు. వాళ్లమ్మ మిరప చేలల్లో కూలికి పోతుంది. అడవి అంచున ఉన్న వాళ్ల ఊరి నుంచి బడికి రోజూ నడిచిన నడక తప్ప ఆమెకు వేరే శిక్షణ ఏమీ లేదు. నేను రీల్‌లో చూసి మురిసిపోయిన నడక ఆ పిల్లకు పుట్టుకతోనే వచ్చినట్టుంది. నాకు ఒళ్లు మండేది. మంట అన్నానుగాని, అది సూటిగా చెప్పాలంటే ఈర్ష్యే.

రెండో ఏడాది డ్రిల్ టీం కట్టారు. అందులో ముగ్గురిది జెండా దళం. మధ్యలో ఒకమ్మాయి కాలేజీ జెండా పట్టుకుంటుంది. దాన్ని నిశాన్ అంటారు. అటొకరు ఇటొకరు తుపాకులతో కాపలా నడుస్తారు. నిశాన్ గూడూరుకు ఇచ్చారు. నా ఎత్తు ఆమె ఎత్తుకు సరిపోయిందని నన్ను కుడి పక్క కాపలాకు తీసుకున్నారు. మార్చిలో హైదరాబాద్‌లో కాలేజీల పోటీ ఉంది. గూడూరు వాళ్లమ్మ ఆ సంగతి వాళ్ల చర్చిలో చెప్పుకుంది. ప్రతి ఆదివారం పాస్టరు గారు జబ్బు మనుషులతో పాటు ఈ పిల్ల చేతిలోని జెండా కోసం కూడా ప్రార్థన చేయించేవాడట. వాళ్లమ్మ అప్పటిదాకా హైదరాబాద్ చూడలేదు. ఆ ఒక్కరోజు కూలి మానుకుని వస్తానని, బిడ్డ జెండా పట్టుకుని నడిచేది తన కళ్లతో చూస్తానని మాట ఇచ్చింది. గూడూరు అర్ధగంటకోసారి ఏదో వంకతో ఈ మాట ఎత్తేది. నేను ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నటించేదాన్ని.

జనవరిలో రిపబ్లిక్ డే వచ్చింది. ఆ రోజు జాతీయ జెండాను కింది నుంచి ఎగరేయరు. పూలు పోసి మడతపెట్టి, ముందే స్తంభం పైకి ఎక్కించి ఉంచుతారు. ముఖ్య అతిథి కింద తాడు లాగితే పైన ముడి జారి, పూలు రాలి, జెండా విచ్చుకోవాలి. అందుకని దానికి వేసేది జారుముడి. ఆ ముడి వేసే పని గూడూరుది. పొద్దున ఆరింటికి ఆమె జెండాలో బంతిపూల రేకులు పోసి, మడతపెట్టి, ముడి వేసి బల్ల మీద ఉంచింది. నన్ను చూస్తూ ఉండమని చెప్పి బూట్లకు పాలిష్ వేసుకోవడానికి పోయింది.

నేను చూశాను. చూస్తే ఆ ముడి నాకు వదులుగా కనిపించింది. జారుముడి వదులుగా కాక మరెలా ఉంటుందని ఆలోచించే తెలివి ఆ క్షణంలో నాకు లేదు. నేను దుకాణంలో పెరిగినదాన్ని. ఐదో తరగతి నుంచే పొట్లాలు కట్టాను. అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు, మధ్యలో వేలు పెట్టి మెలితిప్పి బిగిస్తే ఆ పొట్లం బస్సు మీద దంతాలపల్లి దాకా పోయినా గింజ కారదు. వదులు ముడి కంటపడితే నా వేళ్లు ఊరుకోవు. పైకి ఎక్కించేటప్పుడే పూలన్నీ రాలిపోతాయని, గూడూరుకు నడకే గాని చేతిపని రాదని మనసులో అనుకుని, ఆ ముడి విప్పి మా దుకాణం ముడి వేశాను. చాలా శుభ్రంగా వచ్చింది. కాసేపు చూసుకుని మురిసిపోయాను కూడా. గూడూరు తిరిగొచ్చేలోపే ఉస్తాద్ దాన్ని స్తంభం పైకి ఎక్కించేశాడు.

ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. ఆయన వచ్చేసరికి ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోయారు, డ్రోన్ కెమెరా బ్యాటరీ కూడా పడిపోయింది. ఆయన నవ్వుతూ తాడు లాగాడు. ఏమీ కాలేదు. రెండోసారి కాస్త గట్టిగా లాగాడు. మూడోసారి రెండు చేతులతో లాగాడు. స్తంభం ఊగింది గాని మూట కదల్లేదు. తాడు లాగగానే జాతీయగీతం పెట్టాలని సౌండ్ బాక్స్ దగ్గర కూర్చున్న పిల్లకు చెప్పి ఉంచారు. లాగడం ఆమె చూసింది, పెట్టేసింది. ఇక ఎవరూ కదలడానికి లేదు. యాభై రెండు సెకన్ల పాటు ముఖ్య అతిథి, ప్రిన్సిపాల్, ఊరి పెద్దలు, పడిపోగా మిగిలిన మేమంతా కొయ్యబారి నిలబడి ఆ మూటకు వందనం చేశాం. నేను నా చేతిపని ఎంత గట్టిదో కిందినుంచి చూస్తూ సెల్యూట్‌లో ఉన్నాను.

గీతం అయ్యాక ఉస్తాద్ జెండాను కిందికి దించాడు. గూడూరు మోకాళ్ల మీద కూర్చుని ఆ ముడి గోళ్లతో విప్పింది. విప్పుతూ ఒక్కసారి తలెత్తి నా వైపు చూసింది. అంతే. మళ్లీ కట్టి, మళ్లీ ఎక్కించి, మళ్లీ లాగితే ఈసారి పూలు రాలాయి. గీతం రెండోసారి మోగింది. సాయంత్రానికి, ఆ మొదటి వందనాన్ని ఎవరో ఫోనులో తీసిన వీడియో జిల్లాలోని వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరిగింది.

మధ్యాహ్నం మమ్మల్ని ‘నిజాయితీ’ అని రాసిన గోడ ముందు వరుసలో నిలబెట్టారు. ఉస్తాద్ మొహం నల్లబడి ఉంది.

“ఆ ముడి ఎవలు ఏసిండ్రు?” అన్నాడు. రెండోసారి అడిగాడు. నా గొంతులో మాట ఉంది. కానీ బజారులో బాపు పక్కన నేను తల దించుకుని నిలబడ్డట్టు అనిపించి గొంతు పెగల్లేదు. మూడోసారి అడిగాడు.

“నేనే కట్టిన ఉస్తాద్” అంది గూడూరు.

అది అబద్ధం కాదు. కట్టడం ఆమె కట్టిందే. దాన్ని విప్పిందెవరో చెప్పాల్సింది నేను. నేను సావధాన్‌లో ఉన్నాను. ఆ ఏడాదిన్నరలో అంత కదలకుండా ఎప్పుడూ నిలబడలేదు.

ప్రిన్సిపాల్ రిటైర్డు ఆఫీసరు. ఆయనకు రిపోర్టు రాయడమంటే ప్రాణం. ‘బాధ్యురాలిని జెండా దళం నుంచి తప్పించడమైనది’ అని ఆ సాయంత్రమే రాసి పైకి పంపాడు. గూడూరును రిజర్వులో పెట్టారు. అంటే యూనిఫాం వేసుకుని డేరాలో కూర్చోవడం. ఎత్తు సరిపోతుంది కాబట్టి నిశాన్ నాకు ఇచ్చారు.

నాలుగో రోజు నేను ఉస్తాద్ దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత, “గిప్పుడొచ్చి చెప్తె నేనేం జెయ్యాలె? రిపోర్టు పోయింది. మళ్ల ఇంకో కాగితం రాస్తే సార్‌కు ఇజ్జత్ పోతది. గమ్మునుండి మంచిగ నడువు” అన్నాడు. చెప్పిన పుణ్యం నాకు దక్కింది, జెండా కూడా దక్కింది. నాకు సంతోషమైంది. ఇప్పుడు సిగ్గుతోనే చెప్తున్నాను, సంతోషమే అయింది. ప్రిన్సిపాల్ దాకా నేనే పోవచ్చు. పోలేదు.

నాకు నిశాన్ పట్టుకోవడం నేర్పమని ఉస్తాద్ గూడూరుకే చెప్పాడు. అది ఆమెకు వేసిన శిక్షో నాకు వేసిన శిక్షో ఆయన చెప్పలేదు. ఆరు వారాలు రోజూ పొద్దున ఆమె నా వెనక నిలబడి మోచెయ్యి ఎత్తేది, మణికట్టు సరిచేసేది. మొదటి రోజే అడిగింది.

“గా ముడి నువ్వే ఏసినవ్ గదా?”

“ఔ.”

“గట్ల గట్టిగ ముడి ఏసుడు మా ఊర్ల ఎవలకు రాదు. మరి చెప్పకపోతివేందే?”

నేను జెండా కర్ర మీద పట్టు సరిచేసుకున్నాను. ఆమె, “మోచెయ్యి పైకి లేపు. నిశాన్ పక్కకు వంగుతున్నది” అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. వాళ్లమ్మ మాట కూడా ఎత్తడం మానేసింది. ఇంట్లో చెప్పేసి ఉంటుందని నేను అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

హైదరాబాద్ మైదానంలో మేము బాగానే నడిచాం. రెండో బహుమతి కూడా వచ్చింది. తెల్ల గ్లౌజులు వేసుకున్నాను, జెండా పట్టుకున్నాను, రీల్‌లో చూసినవన్నీ నాకు వచ్చాయి. పరేడ్ అయ్యాక డేరా దగ్గర జెండాను మడతపెట్టి ఇచ్చి నీళ్లు తాగుతుంటే, ఒక సన్నటి మనిషి చేతిలో ప్లాస్టిక్ సంచితో జనంలోంచి వెతుక్కుంటూ వచ్చింది. గూడూరు డేరాలోంచి బయటికొచ్చి ఆమెకు ఎదురుపోయింది. ఆ మనిషి బిడ్డ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది. మిరపకాయలు తెంపి ఆ వేళ్లు ఎర్రబారి ఉన్నాయి.

“దూరం కెళ్లి సూసిన బిడ్డా. జెండ వట్టుకొని ముంగట నువ్వు నడుస్తుంటె నాకు కండ్లల్ల నీళ్లు ఆగలే. అందరికి నా బిడ్డే అని జెప్పిన” అంది. పక్కనున్న నాకు ఫోను చూపించింది. ఎండలో తీసిన ఫోటో. టోపీ కళ్ల దాకా దిగి ఉంది, మొహం కనిపించదు. జెండా మాత్రం నిటారుగా ఉంది. అది నేను.

వాళ్లమ్మ భుజం మీదుగా గూడూరు నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆమె మెల్లగా, “ఏమే, మంచిగ నడ్సిననా నేను?” అని అడిగింది.

“మస్తు మంచిగ నడ్సినవ్” అన్నాను. గోడ ముందు ఉస్తాద్ మూడుసార్లు అడిగినా పెగలని గొంతు, ఆ అబద్ధానికి మాత్రం వెంటనే పెగిలింది.